‘మనవాడు’ ఎవడు?

ఒకరికి పని ఇచ్చు అధికారము చేతికి వచ్చిననాడే మనుష్యుని ధర్మబుద్ధికి పరీక్ష ఆరంభమగును. ధనవంతుడు తన ధనమును దానము చేయవచ్చును, చేయక మానవచ్చును. అది అతని సొత్తు. కాని ఒక సంస్థకు అధిపతియైనవాడు ఉద్యోగమును ఒకనికి ఇచ్చునపుడు తన సొత్తును ఇచ్చుటలేదు. ఆ ఉద్యోగములో మదుపు పెట్టినవారి పాలు కొంత కలదు. అక్కడ పనిచేయువారి పాలు కొంత కలదు. ఆ సంస్థవలన మేలునో కీడునో పొందు ఊరివారి పాలు కొంత కలదు. ఇందరి సొత్తును ఒకని చేతిలో పెట్టవలసిన ఘడియలో అధిపతి చెవిని ఒక మాట సోకును: “వీడు మనవాడు, కాస్త చూడుము.” ఈ మాటకు ఏమని బదులు చెప్పవలెను? బసవేశ్వరుని బోధను నమ్మినవారికి ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఏలయన, పరుని తనవానిగా నెంచుమని లోకమునకు నేర్పినవాడు బసవేశ్వరుడే.

ఈ ప్రశ్న నేడు మధురవాడలో ప్రత్యక్షముగా కానవచ్చుచున్నది. విశాఖపట్టణమునకు ఉత్తరమున, కలకత్తా పోవు జాతీయ రహదారిపై నున్న ఈ ఊరు 2005 లో మహావిశాఖ నగరపాలక సంస్థలో చేరినది. దాని చెంతనే ఋషికొండ ఐటీ కొండలు. 2023 అక్టోబరులో అచట ఇన్ఫోసిస్ సంస్థ కార్యాలయము తెరచినది. 2025 ఏప్రిల్ లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు 21.16 ఎకరముల భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చుటకు రాష్ట్ర మంత్రివర్గము ఆమోదించినది. పండ్రెండు వేల ఉద్యోగములు రాగలవని ఆశ. పిమ్మట కాగ్నిజెంట్ సంస్థకును కాపులుప్పాడలో అదే ధరకు భూమి ఇచ్చుటకు నిర్ణయమైనది. సంస్థలను నడపువారికి శిక్షణ నిచ్చుటకై 2015 లో వెలసిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ కూడ ఇప్పుడు సమీపమందలి గంభీరములోనే యున్నది. శ్రీకాకుళము, విజయనగరము మండలములనుండి పట్టాల కట్టలు చంకనిడుకొని వచ్చు యువకులకు ఈ కొండలే నేటి కల్యాణకటకము.

99 పైసలన్న అంకె ఒక ధర్మసూక్ష్మమును చెప్పుచున్నది. కోట్ల విలువగల భూమిని రూపాయికి లోపుగా ఇచ్చినది ప్రభుత్వము, అనగా ప్రజలు. ఏ ఫలమును కోరి ఇచ్చిరి? తమ బిడ్డలకు పని దొరకునని. కావున ఆ కొండమీద కూర్చుండి నియామకములు చేయు అధికారి, తాను దాతనని తలచిన పొరబడినవాడే. అతడు ప్రజలిచ్చిన దానిని ప్రజలకు పంచిపెట్టు భండారి మాత్రమే.

భండారి యను పదము శరణులకు క్రొత్త కాదు. బసవేశ్వరుడు కలచురి బిజ్జలుని కొలువులో దండనాయకుడు, భండారి. రాజధనమును జంగమార్చనకు వ్యయము చేయుచున్నాడని అసూయాపరులు రాజునకు చాడి చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవేశ్వరుడు భండారమును తెరచి చూపగా ఒక్క మాడయైనను తగ్గియుండలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో వర్ణించెను. దీనిని మహిమగా కొలుచుట భక్తుల వంతు. అందే లౌకికమైన ఉపదేశము కూడ కలదు: పరుల సొత్తుకు కాపరిగా నున్నవాడు ఏ క్షణమున అడిగినను పెట్టె మూత తీయగలిగి యుండవలెను. అడిగినవాని ఉద్దేశము చెడ్డదైనను లెక్క చూపుట తప్పదు. ఉద్యోగ నియామకము కూడ అట్టి పెట్టెయే. “ఇతనిని ఏల తీసికొంటిరి, అతనిని ఏల కాదంటిరి” అని ఎవడైన అడిగినపుడు, కారణమును నలుగురి యెదుట చెప్పగలిగిన నియామకము ధర్మబద్ధము. చెప్పుటకు సంకోచము కలిగినది కాదు.

ఇచట ఒక ఆక్షేపణ రాక తప్పదు. బసవేశ్వరుడు మాత్రము బంధుత్వమున కొలువు పొందలేదా? బిజ్జలుని మంత్రియైన బలదేవుడు అతనికి మేనమామ. బలదేవుడు తన కుమార్తె గంగాంబను అతనికిచ్చెను. అతని అనంతరము ఆ పదవి అల్లునికి వచ్చెనని పురాణమే చెప్పుచున్నది. చెన్నబసవేశ్వరుడు బసవేశ్వరుని అక్క నాగలాంబ కుమారుడు. మరి ‘మనవాడు’ అనుటలో దోషమేమి?

ఈ ఆక్షేపణను కప్పిపుచ్చనక్కరలేదు. చుట్టరికము తలుపు తెరచియుండవచ్చును. కాని తలుపు తెరచుట వేరు, పీఠముపై నిలుపుట వేరు. కన్నడకవి హరిహరుని కథనములో బసవేశ్వరుడు మొదట లెక్కలు వ్రాయు కరణముగా చేరి, తన నేర్పుచేతనే పైకి వచ్చెను. కథ ఏదైనను, అతని చేతి లెక్క సరిగా లేనిచో ఏ మేనమామ పేరును అతనిని ఆ కొలువున నిలుపజాలకపోయెడిది. ఇక చెన్నబసవేశ్వరుని సంగతి. బసవేశ్వరుడు అనుభవమంటపమును నెలకొల్పి, దాని శూన్యసింహాసనమున కూర్చుండబెట్టినది మేనల్లుని కాదు. తాను కూడ కూర్చుండలేదు. ఎచటినుండియో వచ్చిన విరాగి, మద్దెల వాయించు కులమున పుట్టినవాడని సంప్రదాయము చెప్పు అల్లమప్రభువును వెదకి, అతనిని కూర్చుండబెట్టెను. అల్లముని పిమ్మట చెన్నబసవడు, ఆపైన సిద్ధరాముడు ఆ పీఠము నధిష్ఠించిరి. చెన్నబసవని వంతు వచ్చినది మేనమామ మాటవలన గాక, మంటపములో అందరి యెదుట తేలిన అతని జ్ఞానమువలన.

సంస్థాధిపతులకు ఇంతకంటె గట్టి పాఠము లేదు. లోకములో అధిపతి సాధారణముగా తనకంటె ఒక మెట్టు తక్కువవానిని ప్రక్కన పెట్టుకొనును. తన మాటకు తల ఊపువాడు హాయి. బసవేశ్వరుడు తనకంటె పెద్దవానిని తెచ్చి పైన కూర్చుండబెట్టెను. ఆ పెద్దవాడు అతనిని మెచ్చుకొనుచు కూర్చుండలేదు. అల్లముడు సిద్ధరామునితో కూడ వాకిటికి వచ్చి నిలిచియుండగా, బసవేశ్వరుడు లోపల ఇష్టలింగపూజలో మునిగియుండెనని శూన్యసంపాదనలో కలదు. అతిథి వాకిట నిలువగా పూజ ఏమిటని అల్లముడు నిలదీసెను. బసవేశ్వరుడు తప్పు గ్రహించి పాదములపై పడెను. అట్లే, తనవంటి దాత లేడను తలపు ఒకనాడు బసవేశ్వరుని మనసున పొడసూపగా, చాకలి వృత్తిని కాయకముగా గల మడివాలు మాచయ్య దానిని నిర్మొగమాటముగా ఖండించెను. రాజ్యభండారము చేతనున్న మంత్రిని బట్టలుతుకు శరణుడు మందలించుట, మంత్రి తల వంచుట: ఈ రెండును సాధ్యమైన చోటే సంస్థ బ్రతికియుండును.

అది సాధ్యముకాని చోట ఏమగునో తెలుగువారు తమ కన్నులార చూచిరి. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ సంస్థ, తన అధ్యక్షుడు రామలింగరాజు కుటుంబమునకు సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను కొనుటకు పూనుకొనెను. డైరెక్టర్ల మండలి ఆమోదించెను. మదుపుదారులు గగ్గోలు పెట్టగా గంటల వ్యవధిలో ఆ యత్నము విరమింపవలసి వచ్చెను. 2009 జనవరి 7 న ఆ అధ్యక్షుడే, పద్దులలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని లేఖ వ్రాసెను. ఆ సంస్థను నమ్మి బ్రతుకుచున్న ఉద్యోగులు వేలకొలది. వారిలో ఎందరో తెలుగు పల్లెలనుండి తొలిసారి బయటికి వచ్చిన చదువరులు. చదువులో, అనుభవములో లోటులేని పెద్దలు ఆ మండలిలో కూర్చుండియుండిరి. కావున లోపము తెలివిలో లేదు. వలదని చెప్పి నిలువగల మాచయ్య ఒక్కడు అచట లేకపోయెను. ఉన్నను అతని మాట విను చెవి లేకపోయెను. సంస్థ ధనము, కుటుంబ ధనము అను రెండింటి నడుమ గీత చెరిగినపుడు ‘మనవారు’ అను మాట ఎంత ఖరీదైనదగునో ఆ కథ చెప్పుచున్నది.

నియామకమున తప్పు జరిగిన ధనమే కాదు, ప్రాణములు కూడ పోవచ్చును. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ వాయువు వెలువడి నిద్రలో నున్న ఊరిని కప్పినది. పండ్రెండుమంది మరణించిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము తన నివేదికలో ట్యాంకు లోపములతోపాటు నిర్వాహకుల అలసత్వమును, ఆ రసాయనమును గూర్చి సిబ్బందికి తగిన పరిజ్ఞానము లేకపోవుటను కూడ పేర్కొన్నది. ఈ చివరి మాట ప్రతి అధిపతి తన బల్లపై వ్రాసియుంచుకొనవలసినది. ఏ పనికి ఏ జ్ఞానము కావలెనో తెలిసికొనుట, అది గలవానిని ఆ చోట నుంచుట, లేనిచో నేర్పించుట అధిపతి కాయకము. అతడు దానిని సరిగా చేసెనా లేదా అనునది ఆతని గదిలో తెలియదు. గోడ అవతల నిద్రించు పసిబిడ్డ ఊపిరిలో తెలియును. ఒక కుర్చీలో జ్ఞానమునకు మారుగా చుట్టరికమును కూర్చుండబెట్టిన, దానికి మూల్యము చెల్లించువాడు ఆ చుట్టమును ఎన్నడును చూచియుండని పొరుగువాడు కావచ్చును.

అట్లయిన, యోగ్యత యొకటే చూచి తక్కినదెల్ల విడువవలెనా? ఇక్కడ రెండవ సూక్ష్మము కలదు. యోగ్యత యను మాటను కూడ కంచెగా వాడుకొనువారు కలరు. మంచి బడిలో చదివినవాని ఆంగ్లమును చూచి తెలివి యనుకొనుట, పల్లెబిడ్డ తడబాటును చూచి మందబుద్ధి యనుకొనుట నేటి నియామకములలో తరచు జరుగు పొరపాటు. కల్యాణములో జరిగినది దీనికి విరుద్ధము. పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, తోలుపని చేయు హరళయ్య, డోహర కక్కయ్య, వీరందరును మంటపములో చోటు పొందిరి. అచట పలికినది సంస్కృతము కాదు, వారి ఇంటి మాట. వారిని కులమడుగలేదు, అట్లని వారిని పరీక్షింపకయు విడువలేదు. అక్కమహాదేవి మంటపమునకు వచ్చినపుడు అల్లముడు కఠినమైన ప్రశ్నలు వేసెను. చెరువులు త్రవ్వించి గుళ్లు కట్టించిన సొన్నలిగె సిద్ధరాముని సైతము, నేను చేయుచున్నాననెడు అహంకారము నీలో నున్నదా యని నిలదీసెను. తలుపు అందరికి తెరచియుండుట, లోపలికి వచ్చినవానిని నిష్కర్షగా పరీక్షించుట: ఈ రెండును కలిసినదే శరణుల పద్ధతి. తలుపు మూసి లోపలివారినే పరీక్షించిన అది న్యాయము కాదు. తలుపు తెరచి పరీక్ష మానిన అది సంస్థ కాదు.

తలుపు తెరచుట యన్నది కొన్నియెడల ఋణము తీర్చుట కూడ. 1971 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికై పొలములు వదలుకొన్న రైతు కుటుంబములకు ఉద్యోగముల నిమిత్తము ఇచ్చిన చీటినే జనులు ఆర్ కార్డు అందురు. 1992 ఆగస్టులో కర్మాగారము జాతికి అంకితమైనది. ఆ తరువాత దశాబ్దములు గడచినను ఆర్ కార్డుల గోడు వినబడుచునే యున్నది. భూమి కోల్పోయినవాని కుమారునికి పని నేర్పి పనిలో పెట్టుకొనుట పక్షపాతము కాదు, తీసికొన్నదానికి బదులు. ఊరివాని హక్కును సిఫారసుతో సమానము చేసి చూచుట ఎంత తప్పో, సిఫారసుకు హక్కు వేషము వేయుట అంత తప్పు. ఈ రెంటిని వేరుచేయు గీత ఒక్కటే: ఇచ్చునది ఎవరికి బాకీ యున్నదో వారికా, అధిపతికి ఎవరు ప్రియులో వారికా?

వేతనము విషయమున ఆయ్దక్కి లక్కమ్మ కథ శరణుల యిండ్లలో అందరికి తెలిసినదే. ఆమె భర్త మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అలవాటుకు మించి తెచ్చెను. అక్కరకు మించినది ఈశ్వరునికి ఒప్పదని ఆ ఇల్లాలు మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. పేదరాలు పెట్టిన ఈ హద్దును పెద్ద పీఠములపై కూర్చున్నవారు తలచుకొనవలెను. తన క్రింద పనిచేయువాని జీతమునకు తన జీతము ఎన్ని రెట్లున్నదో, ఆ రెట్లకు తగిన పని తాను చేయుచున్నాడో లేదో అధిపతి ఏటికొకసారియైన లెక్కించుకొనిన చాలును. క్రొత్తవానిని తీసికొనునపుడు, “ఇతడు మనకెంత తెచ్చును” అని అడుగువాడు, “ఇతనికి మనము ఇచ్చునది ఇతని ఇంటికి చాలునా” అనియు అడుగవలెను.

ఇక మొదటి ప్రశ్నకు రావలెను. ఒక వీరశైవ సంస్థాధిపతి యొద్దకు వీరశైవ కుటుంబమునుండియే ఒక తండ్రి వచ్చి, “అయ్యా, మా అబ్బాయి, తమరే దిక్కు” అని చేతులు జోడించెననుకొందము. ఆ తండ్రి దొంగ కాడు. అతని ఆకలి అబద్ధము కాదు. అతనిని ఏమని పంపవలెను?

బసవేశ్వరుడు తన ప్రార్థనలో కూడలసంగమదేవుని కోరిన కోరికలలో ఒకటి, ఎదుట నిలిచినవానిని పరాయివాడని తలపక ఇంటిబిడ్డగా భావించు బుద్ధి. ఆ బుద్ధిని కొందరు తమవారికి మేలు చేయుటకు అనుమతిగా చదువుకొనుచున్నారు. అది తలక్రిందుల చదువు. బసవేశ్వరుడు ‘మనవాడు’ అన్నది బయట నిలిచినవానిని. లోపలివాని కొఱకు బయటివానిని త్రోసివేయుటకు కాదు. ఆ మాటకు కల్యాణము చెల్లించిన వెల సామాన్యము కాదు. తోలుపని హరళయ్య ఇంటికిని, బ్రాహ్మణుడైన మధువయ్య ఇంటికిని వియ్యము కుదిరినందుకు ఆ ఇద్దరు తండ్రులు రాజుచేత ఘోరశిక్ష ననుభవించిరి. కల్యాణము కల్లోలమై శరణులు చెదరిపోయిరి. అంత వెలపెట్టి విశాలము చేసిన మాటను మరల ఒక కులపు హద్దులోనికి కుదించి, దానిని సిఫారసు చీటిపై వ్రాయుట ఆ తండ్రుల త్యాగమును తక్కువ చేయుటయే.

అయినను ఆ తండ్రిని ఉత్తచేతులతో పంపుట ధర్మము కాదు. దాసోహము ఉన్నది ఇందుకే. కాయకముచేత సంపాదించినది తన సొత్తు. దానిని తనవారికి, ఆర్తులకు ఎంతయైన ఇయ్యవచ్చును. సంస్థ పదవి తన సొత్తు కాదు. దానిని దాసోహము చేయుటకు అతనికి అధికారము లేదు. కావున ఆ బాలుని చదువునకు తన జీతమునుండి ఫీజు కట్టవచ్చును; నగరములో చదువుకొనుటకు వసతి చూపవచ్చును; పరీక్షకు, ఇంటర్వ్యూకు సిద్ధపరచుటకు తన ఆదివారములను వెచ్చింపవచ్చును. అతడు వరుసలో అందరితోపాటు నిలిచి, తన బలముచేత నెగ్గిననాడు ఆ తండ్రి ఎవరి యెదుటను తల వంచనక్కరలేదు. సిఫారసుతో కూర్చున్న కుమారుడు మాత్రము సిఫారసు చేసినవాని యెదుట జన్మాంతము తల వంచుకొనియే యుండును. వలదని చెప్పవలసిన చోట అతని నోరు పెగలదు. తన చుట్టూ అట్టివారినే నింపుకొన్న అధిపతి, మాచయ్యలను పోగొట్టుకొన్న బసవడే.

ఈ దారిని ఈ కాలములోనే నడచి చూపినవారు కలరు. 2019 జనవరిలో నూటపదకొండేండ్ల వయసున లింగైక్యము చెందిన తుమకూరు సిద్ధగంగ మఠాధిపతి శ్రీ శివకుమారస్వామివారు, ఏ కులమని అడుగక వేలాది బాలురకు అన్నము, వసతి, చదువు సమకూర్చిరి. అది తలుపు అందరికి తెరచిన దాసోహము. ఆ బిడ్డలు లోకములో తమ కాళ్లపై తాము నిలిచిరి. ‘మనవాడు’ అను మాటకు బసవేశ్వరుడు పెట్టిన అర్థము అక్కడ కనబడును. మధురవాడ కొండలక్రింద కూడ వీరశైవ సమాజము ఒక చిన్న వసతిగృహమునో, సాయంకాలపు పాఠశాలనో అన్ని కులముల బిడ్డల కొఱకు నడపగలిగిన, అధిపతుల యిండ్ల వాకిట నిలుచు తండ్రుల సంఖ్య తగ్గును.

ఒకటి మాత్రము మరువరాదు. పదిమంది వచ్చిన చోట ఒక్కనికే పని దొరకును, తొమ్మండుగురు మరలిపోవుదురు. నియామకములో అధిపతి శీలము తెలియునది ఆ తొమ్మండుగురి యెడలనే. వారిని ఊరక వేచియుండజేయుట, జవాబు వ్రాయక నెలలు గడుపుట, పరీక్ష పేరిట హేళన చేయుట, ఇవి చేయువాడు పదవవానికి ఎంత మంచి జీతమిచ్చినను శరణుల దృష్టిలో అధిపతి కాడు. లోపమేమో చెప్పి, మరల ప్రయత్నింపుమని గౌరవముతో పంపుటకు ఖర్చేమియు లేదు. వాకిట నిలిచినవానిని మరచి లోపల పూజ చేయుట తగదని అల్లమప్రభువు బసవేశ్వరునికే చెప్పెను. నేటి కార్యాలయముల వాకిళ్లలో వరుసలు కట్టి నిలిచినవారిని చూచి, లోపలి కుర్చీలలోనివారు ఆ మందలింపును తమకే చెప్పినట్లు విందురు గాక. అట్లు విన్నవారికి ‘మనవాడు’ ఎవడో వేరుగా చెప్పవలసిన పని లేదు.